బాపు దాచిన రివాల్వర్

సూరత్ గోడాదరాలో మా ఇంటికి కింద రెండు గదులు, పైన రేకుల గది ఒకటి. ఆ రేకులు తీసేసి స్లాబు వేయిద్దామని తమ్ముడు చాలా కాలంగా అనుకుంటున్నాడు. పోయిన ఎండాకాలం, వానలు మొదలయ్యేలోపు పని కానిచ్చేయాలని మేస్త్రీని మాట్లాడాడు. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో టీచర్ని. సెలవులు కాబట్టి సామాను దించడానికి నేనూ వెళ్ళాను.

పెళ్ళయ్యాక నేను రైల్వే క్వార్టర్లకు వెళ్ళిపోయాను. మా అమ్మానాన్నలు, అవ్వ, బాపు, తమ్ముడి దగ్గరే ఉన్నారు. తమ్ముడు పాండేసరలో ఒక రంగుల మిల్లులో సూపర్‌వైజర్. బాపు మాత్రం బతుకంతా మరమగ్గాల మీదే గడిపాడు. కరీంనగర్ వైపు పల్లె నుంచి సూరత్ వచ్చి, చెవులు సగం పోయేదాకా, మెట్లెక్కితే ఊపిరందని స్థితి వచ్చేదాకా నేశాడు. తర్వాత పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. మేము చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. తిరిగి చెప్పడానికి ఎడమచెయ్యి, కళ్ళు మాత్రమే మిగిలాయి.

అన్నీ దించాక అటక మీద ఒక గోనె మూట మిగిలింది. మగ్గంలో దారం మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడెలు, అరిగిపోయిన పళ్ళచక్రాలు, తోలు ముక్కలు. బాపు పని మానేసిన రోజున ఇంటికి తెచ్చి పడేసిన సామాను అనుకున్నాం. పాత ఇనుముకు వేసేద్దామని తమ్ముడు మూట విప్పి నేల మీద బోర్లించాడు. అన్నిటి అడుగు నుంచి నూనె పీల్చి నల్లబడిన గుడ్డ చుట్ట ఒకటి జారి పడింది. దాని బరువుకు నేల టప్‌మని మోగింది. తమ్ముడు గుడ్డ విప్పాడు. చూసి, చెయ్యి కాలినట్టు వదిలేశాడు.

తుపాకి. మూరెడు లోపు పొడవు, పెద్ద తుపాకి కాదు. మధ్యలో గుండ్రంగా తిరిగే ముక్క, చిన్న గొట్టం, పిడి చివర ఇనుప కడియం. అక్కడక్కడ తుప్పు పట్టింది కానీ నూనె మూలంగా ఆకారం చెడలేదు.

అవ్వ వంటింట్లోంచి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. ఏంది అని అడగలేదు. నేరుగా వెళ్ళి వీధి తలుపుకు గొళ్ళెం పెట్టింది.

"అవ్వా, గిదేంది?" అన్నాడు తమ్ముడు.

"నాకేం తెల్వది. ఏడికెళ్ళి తీసినవో గాడనే పెట్టు."

"గాడ పెట్టుడేంది? రేపు పనోళ్ళత్తరు. అటకనే కూలగొడుతున్నం."

"ఇంకోతాన పెట్టు. జర మెల్లగ మాట్లాడు."

నేను బాపు వైపు చూశాను. మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తుపాకిని చూసిన కళ్ళు ఒక్క క్షణం దాని మీద ఆగి, గొళ్ళెం పెట్టిన తలుపు వైపు తిరిగాయి. అక్కడే ఉండిపోయాయి. ఆయన ఎడమచెయ్యి దుప్పటి అంచును మడుస్తోంది, విప్పుతోంది, మళ్ళీ మడుస్తోంది.

ఆ సాయంత్రం అన్నం ఎవరికీ సయించలేదు. తమ్ముడు దాన్ని డుమస్ తీసుకుపోయి సముద్రంలో పడేసి వస్తానన్నాడు. "ఐతారం మస్తు మంది ఉంటరు. అందరు బజ్జీలు తినుకుంట ఉంటరు. నన్నెవడు చూస్తడు?" అన్నాడు. దార్లో ఎవరైనా బండి ఆపితే ఏం చెప్తావని అడిగాను. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితే జైలే అన్నది మా ఇద్దరికీ తెలుసు. కొడుకును తీసుకుపోతారన్న భయం అవ్వకు. నా భయం వేరు. ఈ తుపాకితో ఎవరినైనా చంపి ఉంటే? బాపు చంపి ఉంటే? ఆ మాట పైకి అనలేదు. తమ్ముడి ముఖం చూస్తే వాడూ అదే అనుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

మా క్వార్టర్లలో పక్కింటి వాళ్ళ నాన్నగారు ఒకాయన ఉన్నారు. విజయనగరం వైపు వారు. సైన్యంలో చిన్న ఆయుధాలు బాగుచేసే వర్క్‌షాపులో సర్వీసంతా చేసి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. మర్నాడు పొద్దున ఆయన మొక్కలకు నీళ్ళు పోస్తుంటే వెళ్ళి, సంగతంతా దాచకుండా చెప్పాను.

ఆయన నీళ్ళ గొట్టం కింద పెట్టేశారు. "దాన్ని గడప దాటించకండమ్మా. ఎవరూ ముట్టుకోకండి. నేనే వస్తాను. కానీ ముందే చెబుతున్నాను, అదేమిటో తెలిశాక మీరు పోలీసులకు చెప్పి తీరాలి. నా చేత చూపించుకుని మళ్ళీ దాచుకుంటామంటే నేను రాను."

ఒప్పుకున్నాను. పనోళ్ళను ఆగమని చెప్పి, ఆ మధ్యాహ్నమే తమ్ముడు బండి మీద ఆయన్ని తీసుకొచ్చాడు. సంచిలో టార్చిలైటు, భూతద్దం, కిరసనాయిలు సీసా, పాత బనీను ముక్కలు తెచ్చుకున్నారు. బాపుకు దణ్ణం పెట్టి, ఆయనకు కనిపించేలా మంచం ఎదురుగానే నేల మీద చాప వేయించుకుని కూర్చున్నారు.

ముందు దాని మూతిని గోడకేసి తిప్పి పట్టుకున్నారు. పక్కనున్న మీటను బొటనవేలితో నొక్కితే కదల్లేదు. కిరసనాయిలు వేసి కాసేపు ఆగి మళ్ళీ నొక్కారు. కిర్రుమని తుపాకి నడుము దగ్గర రెండుగా వంగింది. గుండ్రటి ముక్కలో ఆరు గదులు కనిపించాయి. ఆరూ ఖాళీ. మా అందరికీ కాస్త ఊపిరి తిరిగింది.

"ఇది రివాల్వర్ అమ్మా. ఇంగ్లండులో చేసింది. మిలిటరీ వాళ్ళది. మా వర్క్‌షాపులో గాజు బీరువాలో ఒకటి ఉండేది, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చూపించడానికి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫీసర్లకు ఇచ్చేవారు. ఈ కడియానికి తాడు కట్టి మెడలో వేసుకునేవారు, గుర్రం మీద ఉన్నప్పుడు జారిపోకుండా."

బనీను ముక్కతో తుప్పు తుడిచి, టార్చి పక్కనుంచి వేసి, భూతద్దం నా చేతికిచ్చారు. లోహం మీద సన్నని బాణం గుర్తు ఉంది. దాని కింద నిలువు గీత.

"బాణం సర్కారు వాళ్ళ గుర్తు. దాని కింద ఆ గీత ఉందే, అది ఇంగ్లీషు ఐ అక్షరం. ఇండియా సైన్యం కోసం కొన్నదని అర్థం. ఇటు చూడండి, రెండు బాణాలు ఒకదానికొకటి మూతి ఆనించుకుని ఉన్నాయి. సైన్యం దీన్ని వదిలించుకుంది, అమ్మేసింది అని."

"ఎవరికి అమ్మిన్రు?" అన్నాడు తమ్ముడు.

బాబాయిగారు పిడి వెనక ఇనుప పట్టీని చాలాసేపు తుడిచారు. అక్కడ వరసగా గీతలు, సున్నా లాంటి చుక్కలు బయటపడ్డాయి. ఆయన తల ఊపారు. "ఉర్దూ అంకెలు. నెంబరు కొట్టుకున్నారు. ఇంగ్లీషు తుపాకి మీద ఉర్దూ అంకెలు ఎవరు కొట్టుకుంటారు? మీది తెలంగాణ కదా. నిజాం వారి ఫౌజుకో, పోలీసులకో వెళ్ళి ఉండాలి. ఇది నా ఊహే. రూఢిగా చెప్పాలంటే లాబ్ వాళ్ళే చెప్పాలి."

తర్వాత పిడిని తిప్పి చూశారు. ఒక పక్క గళ్ళుగళ్ళుగా నల్లటి బిళ్ళ ఉంది. రెండో పక్క బిళ్ళ పోయి, దాని చోట చెక్క ముక్క బిగించి ఉంది. బాగా నునుపైన చెక్క. "ఇది మాత్రం ఫ్యాక్టరీది కాదు. ఎవరో చేత్తో చెక్కుకున్నారు. పనితనం ఉన్న మనిషే" అన్నారు.

తమ్ముడు వంగి చూశాడు. వాడి ముఖం మారింది. నేల మీద పడి ఉన్న నాడె ఒకటి తీసి ఆ చెక్క పక్కన పెట్టాడు. అదే రంగు, అదే నునుపు. పిడి చెక్క చివర, నాడె మొనకు ఇనుప తొడుగు దిగ్గొట్టే రంధ్రం సగానికి తెగి కనిపిస్తోంది.

"గిది నాడె కట్టె" అన్నాడు. "నేసేటోడు చేసిండు గిది."

మేమిద్దరం బాపు వైపు చూశాం. బాపు కళ్ళు మూసుకున్నాడు.

చివరగా బాబాయిగారు వెనకనున్న సుత్తిని వేలితో లాగి పట్టి, టార్చి దగ్గరగా వేశారు. ట్రిగ్గర్ నొక్కితే ఈ సుత్తి ముందుకు పడుతుందట. దాని కొసన ముక్కులాంటి మొన ఉండి, అది తూటా వెనక పొడిస్తేనే తూటా పేలుతుందట. ఆ మొన లేదు. విరిగిపోయిన చోట పసుపుపచ్చని ఇత్తడి ముద్ద అతికించి ఉంది.

"ఎవరో కమ్మరి చేత అతుకు వేయించారు. ఇత్తడి మెత్తన. ఒక్క తూటా పేల్చినా ఇది నలిగిపోవాలి. నలగలేదు, గీత కూడా పడలేదు. ఈ అతుకు వేశాక దీనితో ఒక్క గుండూ పేల్చలేదు. అసలు పేలదు కూడా, ఈ ఇత్తడి మొన పొట్టిగా వచ్చింది, తూటాను అందుకోదు. పైగా ఈ సైజు తూటాలు ఎక్కడ దొరుకుతాయమ్మా? ఆ నాడె చెక్క బిగించినాయన చేతిలో ఇది ఉత్త ఇనుప ముక్క."

అప్పుడు అవ్వ ఏడ్చింది. అప్పటిదాకా వంటింటి గడప మీద బొమ్మలా కూర్చున్న మనిషి, కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. బాబాయిగారు సంచి సర్దుకుని లేచారు.

తమ్ముడు ఆయన్ని దించి వచ్చాడు. అవ్వ తలుపు వేయించి, బాపు మంచం పక్కన కూర్చుని ఆయన్నే అడిగింది. "చెప్పాల్నా?" బాపు కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి, ఆమె భుజం మీద వేశాడు.

బాపుకు తమ్ముడు, నాకు చిన్నబాపు ఒకాయన ఉండేవాడని, నేను పుట్టకముందే చనిపోయాడని తెలుసు. జ్వరం వచ్చి పోయాడని చిన్నప్పుడు చెప్పారు. పెద్దయ్యాక, ఇక్కడే సూరత్‌లో ఉన్న మా ఊరి వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు, చాటుమాటు మాటల్లో ఆయన నక్సలైట్లలో, అన్నల్లో కలిశాడని, పోలీసుల మీద కాల్పులు జరిపి చచ్చాడని విన్నాను. ఇంట్లో అడిగితే బాపు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అందుకని అడగడం మానేశాను. మేము ఒక్కసారి కూడా ఊరికి వెళ్ళలేదు. చార్జీల ఖర్చుకు వెనకాడి వెళ్ళడం లేదనుకునేదాన్ని.

అవ్వ చెప్పింది ఇది.

మా ఊళ్ళో కోటలాంటి దొర గడి ఉండేది. రజాకార్ల కాలంలో నిజాం ఫౌజు ఆఫీసరు ఒకడు ఆ గడిలో మకాం వేశాడు. యూనియన్ మిలిటరీ వస్తోందని తెలిసి పారిపోతూ ఈ తుపాకిని దొరకు ఇచ్చిపోయాడు. ఆ దొర, ఆయన తర్వాత ఆయన కొడుకు, దాన్ని నడుముకు కట్టుకుని పొలాల మీద తిరిగేవాళ్ళు. అది పేలుతుందో లేదో ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. తర్వాత చాలా ఏళ్ళకు ఊరి పడుచువాళ్ళు సంఘం పెట్టారు. దొర హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఒకరోజు సంఘం వాళ్ళు గడి తలుపులు పగలగొట్టారు. ఎవరికి దొరికింది వాళ్ళు తీసుకుపోయారు. చిన్నబాపుకు ఇది దొరికింది.

"అప్పటికే గిది ఇరిగి ఉండె" అంది అవ్వ. "ఇన్నేండ్లు గీ ఇరిగినదానికా మనం భయపడ్డది అని మీ చిన్నబాపు నవ్విండు. కమ్మరోని తాన అతుకేపిచ్చిండు. ఇరిగిన నాడె సగం కోసి, వాకిట్ల కూసుండి పిడి చెక్కిండు. గప్పుడు నువ్వు నా కడుపుల ఉన్నవ్. వదినె, గిది పిల్లగానికి ఆట సామాను అన్నడు. ఊకో, గవేం మాటలని కోపం చేసిన."

దొర ఆ రివాల్వర్ సంగతి ఫిర్యాదు కాగితం మీద రాయించలేదు. దానికి లైసెన్సు లేదు కదా. పోలీసులకు నోటితోనే చెప్పాడు. వాళ్ళు సంఘం పిల్లల్ని ఒక్కొక్కరినే పట్టుకుపోవడం మొదలుపెట్టారు. చిన్నబాపు కొన్నాళ్ళు అడవి వైపు వెళ్ళాడు. తట్టుకోలేకపోయాడు. పెద్దమనుషుల ద్వారా కబురంపితే, వచ్చి లొంగిపో, నిన్నేమీ చెయ్యం అని పోలీసులు అన్నారు. ఒక మిట్టమధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. ఈ గుడ్డ చుట్ట బాపు చేతిలో పెట్టాడు.

"అన్నా, ఇది పేలదు, నీకు ఎరుకనే. కానీ నాతాన ఉంటే పేలేదే అంటరు. ఉత్త చేతులతోని పోత అన్నడు" అంది అవ్వ. "మీ బాపు వడ్ల గుమ్మిల పెట్టిండు. మీ చిన్నబాపు చెప్పులేసుకొని పోయిండు. తెల్లారి చెర్వు కట్ట మీద పీనిగ ఉన్నదన్నరు."

పోలీసులు చెప్పింది వేరు. చిన్నబాపు తుపాకితో కాల్చాడని, తాము ఎదురుకాల్చామని. శవం పక్కన ఒక తుపాకి కూడా ఉంది. ఊరంతా చూసింది. బాపు కూడా చూశాడు. ఆ తుపాకి ఎవరిదో ఆయనకు తెలియదు. తన తమ్ముడిది మాత్రం ఇంట్లో వడ్ల కింద ఉంది.

"ఎట్ల చెప్తడు బిడ్డా? మా తమ్ముని చేతుల ఏం లేకుండె అని చెప్పాల్నంటె గిది బయిటికి తియ్యాలె. తీస్తే మీ బాపును గూడ గా కట్ట మీదనే పండవెడుదురు. చెప్పకపాయె. వాళ్ళు ఊకుంటరా? దొర తుపాకి ఏదని మీ బాపును తీస్కపోయిన్రు. తలకాయ మీద చేతులు పెట్టిచ్చి, ఎండల కూసోబెట్టి, అరికాళ్ళు పలగ్గొట్టిన్రు. చెప్పలే. ఇడిసినంక నడ్వరాక పాక్కుంట ఇంట్లకచ్చిండు. జర నడ్వొచ్చినంక సూరత్ రైలెక్కినం. సద్ది మూటల గిది పెట్టుకున్నడు."

"పారెయ్యకపోయిన్రా?" అన్నాడు తమ్ముడు. "తాపీ నదిల ఏస్తే పోవు."

"నేను ఎన్నిమాట్లు చెప్పిన్నో! గిది పారేస్తే ఆడు తుపాకి పట్టుకొని సచ్చినట్టే అయితదే అనేటోడు. గిది ఉన్నన్ని దినాలు ఆడు ఉత్త చేతులతోని పోయినట్టు నాకైన ఎరుక ఉంటది అనేటోడు."

బాపు చెయ్యి ఇంకా ఆమె భుజం మీదే ఉంది. ఆయన ఏడవడం లేదు. నేనెప్పుడూ ఆయన్ని సరిగా చూడలేదేమో అనిపించింది. ఆ అరికాళ్ళతో ఆయన మగ్గం ముందు పన్నెండేసి గంటలు నిలబడేవాడు. ఇంటికొచ్చి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకునేవాడు. నిలబడే పనికి అందరికీ అలాగే ఉంటుందనుకునేదాన్ని.

మాకు తెలిసిన ఒక గుజరాతీ వకీలు ఉంది. ఆమె దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాం. ఆమె ఓపికగా విని, చిన్నబాపు మాట ఎత్తొద్దంది. ఇల్లు బాగుచేస్తుంటే అటక మీద దొరికింది, ఎవరు పెట్టారో తెలియదు, వెంటనే తెలియజేస్తున్నాం. అంతే రాయాలంది. ఎక్కడిదో తెలుసు అంటే, ఇన్నేళ్ళూ తెలిసే దాచారని అవుతుంది. మంచం మీదున్న మనిషి మీద, ఆ ఇంట్లోనే ఉన్న కొడుకు మీద కేసు అవుతుంది. ఎప్పుడో, ఇంకో రాష్ట్రంలో జరిగినదాన్ని ఇక్కడి స్టేషన్లో ఎవరూ తవ్వరంది.

"సచ్చినోని పేరు తీసి బతికున్నోళ్ళం ఎందుకు పోవాలె?" అన్నాడు తమ్ముడు. వాడి మాట తప్పని నేను అనలేకపోయాను. వకీలు రాసినదాన్ని తెలుగులోకి మార్చి బాపుకు చదివి వినిపించాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు అన్న వాక్యం దగ్గర బాపు నావైపు చూశాడు. తర్వాత ముఖం గోడకు తిప్పుకున్నాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు పంచనామాకు ఇంటికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు. కానీ గది చిన్నది, వాకిలి నిండా ఖాకీ బట్టలే. మేము కాగితాలు చూపించే హడావుడిలో ఉండగా వెనక ఏదో పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే బాపు మంచం మీంచి నేలకు జారాడు. లేవని కాలు మడతపడి కింద ఉండిపోయింది. ఎడమచెయ్యి తల మీద పెట్టుకున్నాడు. రెండో చెయ్యి కూడా తల మీదికి తేవాలని భుజం కుదుపుతున్నాడు, అది రావడం లేదు. నేల తడిసింది.

"అరే కాకా, కాకా, ఉపర్ బైఠో! కుఛ్ నహీ హై!" ఏం కాలేదు, పైన కూర్చో అంటూ ఇన్‌స్పెక్టరు లేపబోయాడు. ఆ చెయ్యి తగలగానే బాపు ఇంకా దగ్గరికి ముడుచుకుపోయాడు. అవ్వ వచ్చి, ఇన్‌స్పెక్టరును పక్కకు నెట్టి, బాపు పక్కన ఆ తడిలోనే కూర్చుంది. వాళ్ళు రివాల్వర్‌ను గుడ్డలో చుట్టి, లక్క ముద్ర వేసి, సాక్షుల సంతకాలు తీసుకుని వెళ్ళిపోయేదాకా బాపు తల మీంచి చెయ్యి తీయలేదు.

ఇన్‌స్పెక్టరు వెళ్తూ వాకిట్లో నన్ను ఆగమన్నాడు. "ఇన్‌కే సాథ్ క్యా హువా థా?" అన్నాడు, ఈయనకేం జరిగింది అని. పక్షవాతం అని చెప్పాను. ఆయన నమ్మలేదని ముఖంలో తెలిసింది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

వానాకాలమంతా మేము స్టేషనుకు, కోర్టుకు తిరిగాం. తమ్ముడి వేలిముద్రలు తీసుకున్నారు. మిల్లులో ఎవరో వాడి గురించి ఏదో అన్నారని వాడు కొన్నాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. పైకప్పు పని ఆగిపోయి, రేకుల చోట పరదా కట్టుకుని వానలు గడిపారు. దసరా దాటాక లాబ్ నుంచి రిపోర్టు వచ్చింది. బాబాయిగారు చెప్పినట్టే ఉంది. పాత ఇంగ్లీషు సైనిక రివాల్వర్, ఇండియా సైన్యం గుర్తు, సర్వీసు నుంచి తొలగించిన గుర్తు, హైదరాబాద్ సంస్థానానిది కావచ్చునన్న నెంబరు. కాల్చడానికి పనికిరాదు. ఎంతో కాలంగా కాల్చలేదు. ఎలా ఇక్కడికి వచ్చిందో తెలియదు.

ఆ సాయంత్రం బాపు దగ్గర కూర్చుని చెప్పాను. "బాపూ, సర్కారోళ్ళే రాసిచ్చిన్రు. గిది పేలదని రాసిన్రు."

బాపు చాలాసేపు నన్ను చూశాడు. తర్వాత ఎడమచెయ్యి నా ముందుకు చాపి, అరచెయ్యి తెరిచి పెట్టాడు. నాకు ముందు అర్థం కాలేదు. నీళ్ళా అని అడిగాను. కాదన్నట్టు తల ఆడించాడు. మళ్ళీ అరచెయ్యి చూపించాడు.

"అది తిరిగియ్యరు బాపూ" అన్నాను. "వకీలమ్మ అడిగింది. కోర్టోళ్ళు కరగబోత్తరట."

చెయ్యి అలాగే ఉంచాడు. అవ్వ వచ్చి ఆ చేతిని దుప్పటి కిందికి తోసేదాకా అలాగే ఉంది.

చలికాలంలో బాపుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. అక్కడే పోయాడు. చివర్లో ఒక్క మాట అయినా వస్తుందేమోనని నేనూ తమ్ముడూ వంతుల వారీగా పక్కనే ఉన్నాం. రాలేదు.

దశదినం నాడు గోడాదరాలో ఉన్న మా ఊరి వాళ్ళంతా వచ్చారు. చాలామంది బాపు ఈడు వాళ్ళు, మగ్గాల మీద బతికిన వాళ్ళే. ఇంటి ముందు షామియానా వేసి భోజనాలు పెట్టాం. పెద్దమనిషి ఒకాయన బాపు మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి, "తమ్ముడట్ల తుపాకి పట్టి ఆగమైనంక ఊరిడిసిన మనిషి, ఇగ ఎవ్వలి జోలికి పోలే" అన్నాడు.

అన్నం వడ్డిస్తున్న అవ్వ గిన్నె కింద పెట్టింది.

"నా మరిది తుపాకి పట్టలే" అంది.

అందరూ తలలెత్తారు. అవ్వ అంతమందిలో గొంతెత్తడం నేను ఎన్నడూ వినలేదు.

"ఉత్త చేతులతోని పోయిండు. హాజరైత, లొంగిపోత అని పోయిండు. తుపాకి నా ఇంట్ల వడ్ల గుమ్మిల ఉండె. గాడ పీనిగ పక్కన పెట్టిన తుపాకి ఆనిది కాదు. మా ఆయనకు ఎరుక, నాకు ఎరుక. ఇగ మీకు ఎరుక చేత్తున్న."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వద్దని ఆపడానికేమో అనుకున్నాను. వాడు పక్కన నిలబడ్డాడు. విస్తళ్ళ ముందున్న వాళ్ళలో ఒకరిద్దరు తల దించుకుని తినడం మొదలుపెట్టారు. ఆ పెద్దమనిషి మంచినీళ్ళు తాగి, మెల్లగా అన్నాడు:

"ఇప్పుడెందుకు వదినె గవన్ని? పోయినోళ్ళు పోయిన్రు."

"నేనున్న గదా" అంది అవ్వ. గిన్నె తీసుకుని తర్వాతి విస్తరి దగ్గరికి వెళ్ళింది.

ఆ పెద్దమనిషి భోజనం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మరికొందరు వెళ్ళారు. ఒక ముసలాయన మాత్రం చెయ్యి కడుక్కుని వంటింటి దాకా వచ్చి, గడప బయటే నిలబడి, చెర్వు కట్ట మీద ఆ రోజు తానూ ఉన్నానని అవ్వతో అన్నాడు. చిన్నబాపు చెప్పులు కట్ట కింద విడిచినట్టే పక్కపక్కన ఉన్నాయట. కాల్చుకుంటూ పారిపోయేవాడి చెప్పులు అట్లా ఉంటాయా అని అప్పుడే అనుకున్నాడట. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదట.

అవ్వ ఆయనకు కూర్చోవడానికి పీట వేసింది. చిన్నబాపు గురించి ఇంకేమేం గుర్తున్నాయో చెప్పమని అడిగింది.